కొక్కెం మీద తట్టిన వేలు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ఎవరైనా దయ్యం ఉందంటే, ఏ లోతులో ఉందో మిల్లీమీటర్లలో చెప్పమనేవాణ్ణి. నా ఉద్యోగం అలాంటిది మరి. ఇనుములోకి చెవికందని ధ్వని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి లోపలి పగుళ్లు పట్టడం.

ఎనభైల్లో రాజోలు దగ్గర గ్యాసు బావి తవ్వుతున్నారు. టన్నుల కొద్దీ గొట్టాలను ఎత్తే పెద్ద కొక్కేన్ని పరీక్షకని కిందికి దించారు. పైకెక్కితే దాని కిందే పనివాళ్లు నిలబడాలి. గ్రీజు రాసి, ధ్వనిని తిన్నగా లోపలికి పంపే ప్రోబు ఆనించి, అంతా చూశాను. తెరమీద పగులును చూపే గీత ఏదీ లేవలేదు. 'బాగుంది' అని రాసి సంతకం పెట్టేశాను.

అప్పుడే ఒక పనివాడికి అతని మామగారు క్యారేజీ తెచ్చారు. అంబాజీపేటలో కొబ్బరికాయలు తట్టి, కుళ్లినవి ఏరేసే పెద్దాయన. నా చేతిలో ప్రోబు చూడగానే ఆయన మొహం విప్పారింది.

"తమరూ తట్టే మనిషేనాండీ?"

నవ్వి తలూపాను.

ఆయన వేలి కణుపుతో కొక్కేన్ని నాలుగుచోట్ల తట్టారు. ఐదోచోట ఆగారు.

"ఇది కుళ్లు కాయండీ. మా అల్లుణ్ణి దీనికింద నిలబెట్టకండి."

ఆ క్షణాన కొక్కెం మూలిగిందనీ, నన్ను పేరుపెట్టి పిలిచిందనీ ఇన్నేళ్లుగా చెబుతూ వచ్చాను. అది నేను కలిపింది. పగులు జానెడన్నదీ నేనే. బియ్యపుగింజంత ఉంటుందేమో.

నిజమిది. ఆయన వేలు ఆగినచోట, వేళాకోళానికే, ధ్వనిని ఏటవాలుగా పంపే రెండో ప్రోబు ఆనించాను. గీత నిట్టనిలువునా లేచింది. ఇప్పటి ఫేజ్డ్ అర్రే మిషను ఒక్కచోట నుంచే ధ్వనిని పలు కోణాల్లోకి తిప్పుతుంది. అప్పట్లో కోణానికో ప్రోబు. ఆ రెండోది సంతకం పెట్టేముందు నేనసలు సంచిలోంచి తీయనేలేదు. భోజనం వేళయింది.

సంతకం పెట్టిన కాగితం చింపేశాను. కొక్కెం మార్చారు.

"ఎలా వినబడిందండీ మీకు?" అని అడిగాను. గొంతు పెంచి మళ్లీ అడిగాను.

"అరిచినా లాభం లేదండీ," అన్నాడు అల్లుడు. "మా మావయ్యగారికి రెండు చెవులూ ఎప్పుడో పోయేయండి."

చేతికి తెలిసి ఉంటుందంటారా? ఆ కొక్కేన్ని నేనూ తట్టి చూశాను, కణుపులు కందేదాకా. మంచిచోటుకీ చెడ్డచోటుకీ తేడా లేదు.

వెళ్లబోతూ పెద్దాయన నా మిషను మీద ఒక్కటి తట్టి, "ఇది మంచిదేనండీ," అన్నారు.

తర్వాత నా వైపు చూశారు. వేలు మడిచారు కూడా. ఏమనుకున్నారో, తట్టలేదు.