చదివి వినిపించినవా?

వైరా ఇంకా నాలుగు మైళ్ళుందనగా మా బస్సు జామాయిల్ కట్టెల లారీ వెనక చిక్కుకుంది. అప్పుడే నరికిన పచ్చి కట్టె. ఆ ఘాటు వాసన కిటికీలోంచి రాగానే పక్క సీటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. ఎస్తేరు మేడం దగ్గర ఎప్పుడూ ఈ వాసనే ఉండేది. జలుబు చేసినా చేయకపోయినా రెండు జామాయిల్ ఆకులు నలిపి రుమాల్లో మడిచి పెట్టుకునేవారు. ఆవిడ దిద్దిన నా థీసిస్ కాగితాలు ఇప్పుడు పెట్టెలోంచి తీసినా అదే వాసన వేస్తాయి, లేదా వేస్తున్నట్టు నాకనిపిస్తుంది. ఒళ్ళోని సంచిలో మేడం గురించి నేను రాసుకున్న ఈ కాగితాలున్నాయి. వైరాలో ఒకరికి వీటిని చదివి వినిపించాలి. ఎందుకు వినిపించాలో చెప్పాలంటే మేడం సంగతి మొదట్నుంచీ చెప్పాలి.

ఆవిడ మాకు యూనివర్సిటీలో సమాజశాస్త్రం చెప్పేవారు. వాళ్ళ నాన్న వైరాలో చర్చి గంట కొట్టే మనిషి. మతం మనుషుల బతుకులో ఏం చేస్తుందన్న ప్రశ్న ఆవిడకు ఇంట్లోనే పుట్టి ఉంటుంది. తర్వాత దాన్ని పట్టుకుని చాలా దూరం వెళ్ళారు. ఒక జాతిని జాతినే నరికి తుడిచిపెట్టబోయిన దేశానికి ఏళ్ళ తరబడి వెళ్ళివచ్చారు. ఆ నరమేధంలో చావు తప్పించుకున్నవాళ్ళు మళ్ళీ దేవుడి ముందు ఎలా కూర్చుంటారో, అసలు కూర్చుంటారో లేదో తెలుసుకోవడమే ఆవిడ పరిశోధన. అంతటి మనిషి క్లాసులో ఒళ్ళు గగుర్పొడిచే సంగతి ఒక్కటి కూడా చెప్పేవారు కాదు. మాకు అదో పెద్ద కొరతగా ఉండేది. నేను కల్లూరు దగ్గర మిరపతోటల్లోంచి వచ్చినదాన్ని, మా ఇంట్లో పరిశోధన దాకా వచ్చిన మొదటిదాన్ని. నాకు తెలియనిది లోకంలో లేదని గట్టిగా నమ్మే వయసు అది.

రెండు వేల ఆరు, ఏడు ప్రాంతాల్లో రాష్ట్ర సరిహద్దు అవతల ఊళ్ళు తగలబడుతుంటే కోయ కుటుంబాలు అడవి దాటి భద్రాచలం వైపు వచ్చేశాయి. వాళ్ళ కొలుపులూ ఆచారాలూ ఏమయ్యాయో చూస్తానన్నాను. నేను పెట్టిన శీర్షికలో నరమేధం అన్న మాట ఉంది. మేడం దాని మీద పెన్ను ఆనించి నా వైపు చూశారు.

"ఏంది మణీ, వాళ్ళకు జరిగినదానికి పేరు నువ్వే పెట్టినవా?"

"మరి ఏమనాలె మేడం?"

"వాళ్ళు ఏమంటున్నరో అది రాయి. పేరు పెట్టుడు నీ పని కాదు. వినుడు నీ పని."

నాకు లోపల ఒళ్ళు మండింది. బయటికి మాత్రం తలాడించి వచ్చాను.

మొదటిసారి మేడమే వెంట వచ్చారు. తారు రోడ్డు అయిపోయాక నాలుగు మైళ్ళ నడక. మాకు తోడు సోమయ్య సారు, అక్కడి కోయ బడిపంతులు. మా మాట వాళ్ళకూ వాళ్ళ మాట మాకూ చెప్పేది ఆయనే. ఆ ఎండాకాలం చెట్ల కింద ఇప్పపూలు రాలుతున్నాయి. మేడం నా చేతిలో నోటుబుక్కు తీసుకుని తన సంచిలో వేసుకుని, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, అక్కడి ఆడవాళ్ళతో పాటు పూలు ఏరడానికి కూర్చున్నారు. రెండోసారి వెళ్ళినప్పుడూ అంతే. ఇద్దరం కలిసి అన్ని మైళ్ళు వచ్చింది పూలేరడానికా అని నేను గొణుగుతూనే ఉన్నాను. మూడోసారి నోటుబుక్కు నా చేతికిచ్చి ఒకే ఒక్క నియమం చెప్పారు.

"ఎవరు చెప్పింది రాసినా, అచ్చుకు పోకముందు వాళ్ళ దగ్గరికి పోయి చదివి వినిపియ్యాలె. వద్దన్నది కొట్టెయ్యాలె. అది నీ పుస్తకంలో అన్నిటికన్నా మంచి ముక్కయినా సరే."

అలా పరిచయమైంది దేవె అవ్వ. భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకుని కోడలితో, మనవరాలితో ఆ అడవి దాటి వచ్చిన మనిషి. కోయవాళ్ళు పోయినవాళ్ళ కోసం రాయి నిలబెడతారు, వావి వరుసలవాళ్ళందరినీ రప్పించి, పోయినవాళ్ళను పేరు పెట్టి పిలుచుకుని. దేవె అవ్వ ముగ్గురికీ నిలబెట్టలేదు. రెండేళ్ళు దాటినా నిలబెట్టలేదు. ఎందుకు లేదని అడిగితే తల అడ్డంగా ఊపి చింతపండు గింజలు తీసుకుంటూ ఉండిపోయింది. నాకు కావలసింది దొరికిందనుకున్నాను. నా నాలుగో అధ్యాయమంతా ఆ లేని రాళ్ళ మీదే కట్టాను. భయం మనుషుల చేత ఆచారాన్ని కూడా వదిలిస్తుందని, ఈ కుటుంబం తన మతాన్ని అడవికి అవతలే వదిలేసిందని రాశాను. నేను రాసింది నేనే చదువుకుని మురిసిపోయాను.

ఈలోగా వానలు పట్టుకున్నాయి, వాగు పొంగింది, దారి తెగింది. థీసిస్ సమర్పించడానికి పది రోజులే ఉంది. మిగతావాళ్ళందరికీ చదివి వినిపించాను గానీ దేవె అవ్వ దగ్గరికి పోలేకపోయాను. మేడం అధ్యాయం చదివి పక్కన పెట్టారు.

"చదివి వినిపించినవా?"

"అవ్ మేడం."

"ఏమన్నది?"

ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు. "బాగుందన్నది" అన్నాను.

మేడం ఫైలు మూసి నా వైపు జరిపారు. "తన దేవుడు పోయిండని రాస్తే విని ఏ మనిషీ బాగుందనదు మణీ. వాగు తగ్గినంక పోయిరా. అప్పుడు సంతకం పెడత."

ఆ రోజు మేడాన్ని నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. సాటివాళ్ళంతా సమర్పిస్తున్నారు. ఇంటి దగ్గర మా నాన్న ఊరంతా చెప్పేసుకున్నాడు. ఒక ముసలామె ఊ అనడం కోసం నా చదువంతా ఆగాలా అని హాస్టల్ గదిలో కూర్చుని ఏడ్చాను. వాగు తగ్గాక, కోపంతోనే బయలుదేరాను.

దేవె అవ్వ గుడిసె ముందు కూర్చుని ఉంది. నేను ఒక్కో వాక్యం చదువుతుంటే సోమయ్య సారు కోయలో చెబుతూ వచ్చారు. మతాన్ని వదిలేసిందన్న వాక్యం దగ్గర ఆయన ఆగిపోయారు.

"ఇది గూడ చెప్పాల్నా అమ్మా?"

"చెప్పండి సారూ."

చెప్పారు. దేవె అవ్వ నా వైపు చూడకుండా, నేను చదివిన కాగితం వైపు చూస్తూ మెల్లగా మాట్లాడింది. సోమయ్య సారు విని నాకు తెలుగులో చెప్పారు.

"వదల్లేదంటున్నది. రాయి ఈడ నిలబెడితే పోయినోళ్ళు ఈడనే ఉండిపోతరంట. వాళ్ళ రాళ్ళు వాళ్ళ ఊర్లనే ఉండాలె, ఊరికి పోయినంక నిలబెడతనంటున్నది. దానికోసమే ఆగిన్నంటున్నది." ఆమె ఇంకో మాట అంటే అదీ చెప్పారు. "మేం మళ్ళ ఇంటికి పోమని ఈ పిల్ల కాగితం మీద రాసిందా అని అడుగుతున్నది."

ఆమె ఆచారాన్ని వదిలెయ్యలేదు. ఇంటికి పోతానన్న ఆశనంతా దాంట్లోనే దాచుకుని కూర్చుంది. నేను పోయి అది చచ్చిపోయిందని రాశాను. సిగ్గుతో నా తల భూమిలోకి పోయింది. ఆమె ముందే ఆ పేజీ చించేశాను. ముగ్గురి పేర్లు కూడా తీసెయ్యమంది, రాయి నిలబెట్టే రోజు దాకా తనే పిలవడం లేదట. తీసేశాను. అన్నీ అయ్యాక ఆమె కోడలు మాకు జావ పోసింది. ఆ జావ తాగుతూ ఏడ్చాను, ఎవరూ వద్దనలేదు.

తిరిగొచ్చి మేడం ముందు నిలబడి, "అబద్ధం చెప్పిన మేడం" అన్నాను.

"తెలుసు. కూర్చో." టీ నా ముందుకు జరిపి, రుమాలు చేతిలో నలుపుతూ అన్నారు. "నేను గూడ చెప్పిన. నీ కన్నా పెద్ద అబద్ధం."

అప్పుడు చెప్పారు, అంతకు ముందు ఎవరికీ చెప్పని సంగతి. ఆ దూరదేశంలో ఒకామె తనను దాచి కాపాడిందెవరో, పట్టిచ్చిందెవరో మేడానికి చెప్పింది. మేడం పేరు మార్చి పుస్తకంలో రాశారు. ఆమెకు చూపించారా అని అచ్చువేసేవాళ్ళు అడిగితే చూపించానన్నారు. చూపించలేదు. పుస్తకం ఆ ఊరికి చేరింది, ఇరుగుపొరుగు గుర్తుపట్టారు, ఆమె ఇల్లు విడిచి పోవలసి వచ్చింది.

"సావు తప్పించుకున్న మనిషికి నేను రెండోసారి ఇల్లు లేకుండ చేసిన మణీ. నువ్వు జల్దీల ఉన్నవ్, నాకు తెలుసు. నేను గూడ జల్దీలనే ఉంటి."

నా నాలుగో అధ్యాయం కూలిపోయింది. మళ్ళీ రాయడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది నాకు దక్కకపోతే, నేను పట్టా పుచ్చుకుని జీవితాంతం తప్పే పాఠంగా చెప్పుకుంటూ బతికేదాన్ని. ఈ రోజు నలుగురు నా పుస్తకాన్ని నమ్ముతున్నారంటే అది మేడం సంతకం పెట్టకపోవడం వల్లే. ఆ రుణం తీర్చుకోగలనని నేను అనుకోవడం లేదు. దేవె అవ్వ మాత్రం ఊరికి పోయిందో లేదో నాకు తెలియదు. కొన్నేళ్ళ తర్వాత వెళ్తే ఆ గుడిసెలు లేవు. కొందరు వెనక్కి పోయారని సోమయ్య సారు అన్నారు, ఆమె వాళ్ళలో ఉందో లేదో ఆయనకూ తెలియదు.

మేడం పోయి రెండేళ్ళయింది. ఆవిడ గురించి రాసింది ఆవిడకే చదివి వినిపించే వీలు లేదు. అందుకే ఆ రోజు బస్సు దిగి వైరాలో ఆవిడ అక్క రూతమ్మగారి దగ్గరికి వెళ్ళాను. ఆమె మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకుని విన్నారు. దూరదేశపు సంగతి రాగానే నేను ఆగి, "ఇది తీసెయ్యాల్నా పెద్దమ్మా?" అన్నాను.

"ఉండనీ. తప్పు జేసినోళ్ళకు పనికొస్తది. అది దాచితే మా చెల్లెకే కోపమొస్తుండె."

చివరిదాకా విన్నాక మాత్రం వేరే చోట ఒక వాక్యం మళ్ళీ చదవమన్నారు. చిన్నప్పటి మేడం గురించి, ఆవిడే ఎప్పుడో చెప్పిన సంగతి పట్టుకుని నేను ఇష్టపడి రాసుకున్న వాక్యం. చదివాను. రూతమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు.

"ఆ మాట మటుకు తీసెయ్ బిడ్డా. అది నాదీ మా చెల్లెదీ."

ఈ కాగితాలన్నిటిలోకీ బాగా కుదిరిన వాక్యం అదే. ఆమె ముందే పెన్ను తీసి కొట్టేశాను.