సాక్ష్యంలో కరిగిపోయిన రాయి

మూలవెట్టం గ్రంథాలయంలోకి కురువిళ సారు అడుగుపెట్టగానే చదువరుల చేతుల్లోని పత్రికలన్నీ ఒక్కసారిగా ముఖాల ఎత్తుకు లేచేవి. అది గౌరవమని ఆయన చాలాకాలం భ్రమపడ్డాడు. చంకలో దస్త్రం లేకుండా ఆయన గడప దాటడనీ, దస్త్రం తెరిస్తే మధ్యాహ్నం దాకా మూయడనీ ఎరిగినవారు తమను తాము దాచుకునే పద్ధతి అదని ఆయనకు తెలిసేసరికి డెబ్భై మూడేళ్ళు వచ్చాయి.

ప్రధానోపాధ్యాయుడిగా ఉద్యోగ విరమణ చేసిన నాటినుంచి ఆయన పూర్తికాల వృత్తి ఆగ్రహమే. క్రిస్మస్‌ను కేకుల పండుగని రాసిన పత్రికకు నిరసన లేఖ. సువార్తలు నోటినుంచి నోటికి పెరుగుతూ వచ్చిన కట్టుకథలని గ్రంథాలయంలో ఎవరో పండితుడు ఉపన్యసిస్తే పద్నాలుగు పుటల ఖండన. ఆ పద్నాలుగు పుటలూ అందినట్టు గ్రంథాలయం ముద్రతో రసీదు. సంపాదకులకు రాసిన లేఖల నకళ్ళు నాలుగు వందల పన్నెండు, వచ్చిన జవాబులు తొమ్మిది. ఆ తొమ్మిదిలో ఏడింటిలో స్థలాభావం గురించి విచారం మాత్రమే ఉంది. లోకం సత్యాన్ని విడిచిపెట్టిందనీ, పంబానది ఈ ఒడ్డున దాన్ని పట్టుకుని నిలబడినవాడు తానొక్కడేననీ ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి మాత్రం ఆయన దగ్గర ఏ రసీదూ లేదు.

గ్రంథాలయ కార్యదర్శి దివాకరన్ ఆ ప్రాంతపు హేతువాద సంఘానికి కూడా కార్యదర్శి. ఒకప్పుడు ఏడో తరగతిలో సారు దగ్గర చరిత్ర చదువుకున్నవాడు. ఆధారం లేనిదేదీ రాయవద్దని సారు చెక్క స్కేలుతో కొట్టి మరీ నేర్పితే, ఆ పాఠం పట్టుకుని దేవుడి దగ్గరకే వెళ్ళి ఆధారం అడిగిన శిష్యుడు. ముప్ఫై ఏళ్ళుగా వాదించుకుంటున్నా, వాళ్ళిద్దరిలో ఎవరూ ఒక్క మెట్టు దిగింది లేదు.

అలాంటి దివాకరన్ ఒక సోమవారం ఉదయం సారు ఇంటి అరుగు మీద నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. చేతిలో కరపత్రాలేవీ లేవు.

"సారూ, మీరు ఎగతాళి చేసినా పడతాను. మా ఆవిడ సరసమ్మ ఆపరేషన్‌కి రానంటోంది."

"ఏం ఆపరేషన్?"

"కుడి కిడ్నీలో రాయి అడ్డం పడింది. చీము కూడా పట్టిందట. గురువారం దాటితే కిడ్నీ పోతుందన్నాడు డాక్టరు. ఈవిడేమో, 'కురువిళ సారుకి ప్రార్థనతో కరిగిపోయింది, నాకెందుకు కరగదు' అని మంచం దిగట్లేదు. అంతా మీ మైకు చలవే! పక్కింట్లో ప్రార్థన కూటం పెట్టి మీరు సాక్ష్యం చెబుతుంటే, గోడకి చెవి ఆనించి మరీ వింది."

ఆ క్షణంలో కురువిళ సారు మనసులో కలిగినది జాలి అని రాయగలిగితే బాగుండేది. నిజానికి ఆయనకు కలిగినది ఆనందం. ముప్ఫై ఏళ్ళలో హేతువాదుల ఇంటి పిల్లిని కూడా ప్రార్థన మందిరం మెట్టు ఎక్కించలేకపోయిన తాను, సాక్షాత్తూ కార్యదర్శి భార్యనే ఒప్పించాడు! నాలుగు వందల పదమూడో లేఖకు శీర్షిక కూడా ఆయన మనసులో అప్పుడే సిద్ధమైంది.

"రెండు ఎక్స్‌రేలూ ఉన్నాయంటారు కదా," అన్నాడు దివాకరన్. "ఇవ్వండి, డాక్టరుకి చూపిస్తాను. మందూ మాకూ లేకుండానే పోయిందని ఆయనంటే ఇక నేను నోరెత్తను."

"ఆధారం లేకుండా నేనేదీ చెప్పనని నీకు తెలియదా?"

"తెలుసు కాబట్టేగా వచ్చాను, సారూ."

అతన్ని కూర్చోబెట్టి, పాలు లేని టీ ఇమ్మని భార్య శోశామ్మకు చెప్పి, సారు బీరువా తెరిచాడు. 'వైద్యం – స్వీయం – 3' అన్న దస్త్రం వెతకనక్కరలేకుండానే దొరికింది. ఆయన ఇంట్లో దొరకని కాగితమంటూ ఉండదు. ఆ ఉదయం వచ్చిన చిక్కంతా అదే.

మొదటి ఎక్స్‌రే ఉంది. దాని కింద వైద్యుడు రాసిన మందుల చీటీ ఉంది. దాని కింద, గళ్ళు గీసి, తన అందమైన దస్తూరీతో తానే నింపిన పట్టిక: 'అరటి దూట రసం, ఉదయం ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు, పంతొమ్మిది రోజులు.' ఆ తరువాత రెండో ఎక్స్‌రే. చిట్టచివర, గుండుసూదితో గుచ్చిన ఒక గోధుమరంగు కవరు. కదిలిస్తే లోపల మిరియపు గింజంత వస్తువేదో దొర్లింది. కవరు మీద ఇలా ఉంది: 'మంగళవారం ఉదయం 5.10 గంటలకు తీవ్రమైన బాధతో వెలువడినది. సాక్షి: శోశామ్మ కురువిళ.' కింద సంతకాలు రెండు.

రాయి కరగలేదు. బయటికి వచ్చింది. వచ్చినదాన్ని కడిగి, ఆరబెట్టి, సాక్షి సంతకంతో భద్రపరచినవాడు తానే.

టీ గ్లాసుతో వచ్చిన శోశామ్మ ఆయన చేతిలోని కవరు చూసి ఆగిపోయింది.

"ఇది నీ సంతకమేనా?" అన్నాడాయన నీరసంగా.

"నాదేనండీ. పొయ్యి మీద చేపల పులుసు మాడిపోతోంది మొర్రో అంటున్నా వినకుండా పెట్టించారు."

"మరి ఇరవై ఆరేళ్ళుగా ఒక్క మాట చెప్పలేదేం?"

"దగ్గాను కదా! సాక్ష్యంలో ఆ చోటు వచ్చినప్పుడల్లా దగ్గాను. నేను దగ్గేకొద్దీ మీరు గొంతు పెంచారు."

ఎప్పుడు ఏ కూటంలో సాక్ష్యం చెప్పినా దాని ప్రతిని దాచుకోవడం ఆయన అలవాటు. ప్రతులన్నీ బల్ల మీద వరుసగా పరిచాడు. మొదటి సంవత్సరం ప్రార్థన ఉంది, మందు ఉంది, దూట ఉంది, దేవుడికి కృతజ్ఞత ఉంది; మార్జినులో 'వెనుక వరుసల్లో కొందరు నిద్రించిరి' అన్న తన వ్యాఖ్య కూడా ఉంది. రెండో ఏడు, వేదిక మీద అరటి దూట ప్రస్తావన శోభించదని తీసేశాడు. ఐదో ఏటికి మందు పోయింది. తొమ్మిదో ఏట నొప్పి పోయింది. పన్నెండో ఏట రాయి మైనంలా కరిగింది, కూటమంతా హల్లెలూయా అంది. కథలు నోటినుంచి నోటికి ఎలా పెరుగుతాయో ఆ పండితుడు ఉపన్యాసంలో ఊహించి చెప్పాడు. ఈయన తేదీలతో సహా నిరూపించి పెట్టాడు.

మందిరం పాదిరి అయిన అచ్చన్‌కు ఫోను చేశాడు.

"ఎందరో బలపడ్డారు సారూ ఆ సాక్ష్యంతో," అన్నాడు అచ్చన్ మెల్లగా. "దేవుడికి మహిమ వచ్చింది. ఇప్పుడు ఆ అరటి దూటని బయటికి లాగడం అవసరమా? రాయి పోయిన మాట నిజమే కదా?"

అలాంటి మాట గ్రంథాలయంలో ఎవరైనా అని ఉంటే సారు ఆరు పుటలు రాసేవాడు. తన మేలు కోరేవాడి నోట వచ్చేసరికి అది ఎంతో సబబుగా తోచింది. అంత సబబుగా తోచడమే ఆయనను భయపెట్టింది. ఫోను పెట్టేసి, కవరు జేబులో వేసుకుని అరుగు మీదికి వచ్చాడు.

"ఎక్స్‌రేలేవి, సారూ?"

"పద. మీ ఇంట్లోనే చెబుతాను. రెండుసార్లు చెప్పే ధైర్యం నాకు లేదు."

సరసమ్మ గోడవైపు తిరిగి మూలుగుతోంది. సారును చూడగానే లేచి కూర్చోబోయింది. ముఖం జ్వరంతో కందిపోయి ఉంది.

"ప్రార్థన చేయడానికి వచ్చారా, సారూ?"

"ముందు ఒక మాట చెప్పాలమ్మా. నా రాయి కరగలేదు. పంతొమ్మిది రోజులు దూట రసం తాగాను, డాక్టరు మందులు మింగాను, నాలుగు ఇళ్ళకు వినబడేలా అరిచాను. అప్పుడు బయటికొచ్చింది. ఇదిగో." కవరును అరచేతిలోకి దులిపాడు. "చిన్నది కాబట్టి వచ్చింది. నీది రాదు."

"మరి మైకులో చెప్పింది?"

దారి పొడవునా ఆయన ఆ జవాబుకోసం మాటలు ఏరుకున్నాడు. 'అతిశయోక్తి' అందామనుకున్నాడు. 'జ్ఞాపకదోషం' ఇంకా మర్యాదగా ఉంటుందనుకున్నాడు. అబద్ధ సాక్ష్యం పలకవద్దనే తొమ్మిదో ఆజ్ఞలో అలాంటి ఉపనిబంధనలేవీ లేవు.

"అబద్ధం," అన్నాడు.

దివాకరన్ ముందు నవ్వాడు. తరువాత అతని ముఖం గట్టిపడింది. "దస్త్రాలు పెట్టుకున్న మీరే ఒక రాయి గురించి ఇంత కథ అల్లారే! రెండు వేల ఏళ్ళ కిందటి జాలరుల దగ్గర ఏ దస్త్రం ఉందని, యేసు సమాధి ఖాళీ అయిందన్నది నమ్మమంటారు?"

ఆ ప్రశ్నకు పద్నాలుగు పుటల జవాబు ఆయన దగ్గర ఉంది. దాన్ని ఆయన ముట్టుకోలేదు. "ఆ జాలరుల్లో ఒకడైన పేతురు భయపడి, యేసు ఎవరో నాకు తెలియదని మూడుసార్లు బొంకాడు. ఆ సంగతి మనకి చెప్పింది పేతురు విరోధులు కాదు, దివాకరా, పేతురు మనుషులే. నేనైతే ఆ పుటని దాచేసేవాణ్ణి. దాచేశాను కూడా. అందుకే వాళ్ళని నమ్ముతాను. నన్ను నమ్మమని అడగను."

దివాకరన్ ఏదో అనబోయాడు.

"ఇంక చాలించండి ఇద్దరూ!" అంది సరసమ్మ. "ఇక్కడ నా ప్రాణం పోతుంటే సభ పెట్టారు. సారూ, సూటిగా చెప్పండి. నేను పిలిస్తే దేవుడికి వినబడుతుందా, లేదా? అదీ అబద్ధమేనా?"

"వినబడుతుంది. అది నేను కల్పించింది కాదమ్మా, నాకంటే ముందునుంచీ ఉన్నదే. కానీ కత్తి పట్టిన డాక్టరు చేతిలోంచి జవాబివ్వకూడదని మనం ఆయనకి షరతు పెట్టలేం."

ఆమె మంచం మీంచి కాళ్ళు కిందికి దించింది. "గురువారం మీరు రావాలి అయితే. మైకు లేకుండా."

బుధవారం గ్రంథాలయం నోటీసు బోర్డు మీద కురువిళ సారు ఒప్పుకోలు కనిపించింది. దివాకరన్ రాస్తాననగా, తప్పు తనది కాబట్టి వాక్యాలూ తనవే కావాలని సారు పట్టుబట్టి ఐదు పుటలు రాశాడు. దివాకరన్ అందులో నాలుగున్నర కొట్టేశాడు. ఆ కత్తిరింపుపై నిరసన లేఖకు కలం చేతిలోకి తీసుకుని కూడా ఆయన మళ్ళీ పెట్టేశాడు. ఆయన జీవితచరిత్ర ఎవరైనా రాస్తే, ఇంద్రియనిగ్రహం అనే అధ్యాయానికి సరిపడే ఘట్టం ఇదొక్కటే దొరుకుతుంది. ఆ రోజు ఆయన ఎదుట ఎవరూ పత్రిక పైకెత్తలేదు. అందరూ తేరిపార చూశారు. పత్రికలే నయమనిపించింది.

గురువారం ఆసుపత్రిలో, ఆపరేషన్ గది తలుపు దగ్గర స్ట్రెచర్ ఆగింది. దివాకరన్ చేతులు కట్టుకుని, కళ్ళు తెరుచుకునే నిలబడ్డాడు. సారు ప్రార్థన మొదలుపెట్టాడు.

"ప్రభువా, సరసమ్మను కాపాడు. డాక్టరు చెయ్యి తప్పనివ్వకు. నువ్వేం చేసినా, చేసినంతే చెబుతాను. ఆమేన్."

"అంతేనా?" అన్నాడు దివాకరన్. "నేను అరగంట అనుకున్నాను."

తలుపు మూసుకుంది. మధ్యాహ్నం దాటాక డాక్టరు బయటికి వచ్చి, రాయి తీసేశామనీ, కిడ్నీ నిలిచిందనీ, ఒక్కరోజు ఆలస్యమై ఉంటే తాను మాట ఇవ్వగలిగేవాణ్ణి కాదనీ చెప్పాడు. దివాకరన్ థాంక్స్ చెబుతూ ఆయన చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తరువాత ఇటు తిరిగి, ఎటో చూస్తూ, "మీకు కూడా, సారూ," అన్నాడు.

దైవసంకల్పం గురించి దీర్ఘమైన వాక్యమొకటి కురువిళ సారు గొంతులో తయారైంది. అందులో మూడు ఉపవాక్యాలు, ఒక చారిత్రక దృష్టాంతం ఉన్నాయి. ఆయన దాన్ని మింగేశాడు.

"పొద్దున్నుంచీ నువ్వేం తినలేదు," అన్నాడు. "పద, క్యాంటీన్‌లో కర్రపెండలం, చేపల పులుసు ఉన్నాయేమో చూద్దాం."