విత్తిన చేలో నా విన్యాసాలు

ఉన్న రోడ్డు మీదే బండి సరిగా నడపడం రాని నేను, రోడ్డు లేనిచోట నడపాలని తీర్మానించుకున్న రోజులవి. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు, ప్రొద్దుటూరులో ఒక ఆఫీసులో గుమాస్తాను. పగలంతా ఫైళ్ళు తిప్పి, సాయంత్రాలు ఫోనులో ఎవరెవరో మోటారు సైకిళ్ళతో కొండలెక్కడం చూసి, నాలోనూ ఒక వీరుడున్నాడనీ, వాణ్ణి ఇన్నాళ్ళూ కుర్చీకి కట్టేసి అన్యాయం చేశాననీ నమ్మాను. (వీరుడు లేడు. పొట్ట ఉండేది.) పాతదే అయినా బాగా ఎత్తయిన బండి ఒకటి కొన్నాను. సీటు మీద కూర్చుంటే కాళ్ళు నేలకు అందేవి కావు. అందుకని అరుగు పక్కన ఆపుకుని ఎక్కేవాణ్ణి, అరుగు కనిపించేదాకా దిగేవాణ్ణి కాదు.

బండితోపాటు మోకాళ్ళకు చిప్పలు, ఛాతీకీ వీపుకీ ప్లాస్టిక్ కవచాలు కూడా వచ్చాయి. మొదటి ఆదివారం అవన్నీ తగిలించుకుని వాకిట్లోకి వస్తే మా ఆవిడ కిందినుంచి పైదాకా చూసింది. "కొత్తిమీర తెమ్మంటే మోకాళ్ళు నొప్పి అంటావు. ఈ ఏషం ఏసుకోని యాడికి పోతాండావు?" అంది. "నీకు అర్థం కాదులే" అన్నాను. నాకు అర్థమైనవి లోకంలో ఇంకెవరికీ అర్థం కావని అప్పట్లో నా గట్టి నమ్మకం.

నా గురువు పులివెందుల వాడు, ఒకప్పుడు మా ఆఫీసులోనే పనిచేసినవాడు. ఎప్పుడు చూసినా తలనిండా దుమ్ముతో ఉంటాడని దుమ్ము మామ అనేవాళ్ళం. వాళ్ళ ఊరి బయట రాళ్ళగుట్టల్లో మూడు ఆదివారాలు నాకు నేర్పాడు. "నిలబడి తోలు మామా! కూచుంటే నడుము ఇరుగుతాది" అని అరిచేవాడు. నిలబడితే పడేవాణ్ణి. మూడో వారం ఎలాగో పడకుండా ఒక దిబ్బ ఎక్కి దిగాను. "శానా బాగుంది మామా. ఇంగ యాడన్నా తోలుకో. ఒకటే మాట, ఎవురి సేన్లోనూ దిగొద్దు" అన్నాడు. నేను నవ్వాను. చేను గురించి నాకు చెబుతాడా! నేను రైతుబిడ్డను. (ఈ మాట ఆఫీసులో వారానికి రెండుసార్లయినా అనేవాణ్ణి, ఫ్యాను కింద కూర్చుని.)

ఆ మరుసటి ఆదివారం పొద్దున్నే ఒక్కణ్ణే జమ్మలమడుగు వైపు బయలుదేరాను. వారం మొదట్లో మంచి వాన పడి వెలిసింది. ఊరు దాటాక రోడ్డు వారగా నల్లరేగడి నేల. కంచె లేదు, గడ్డిపరక లేదు, దువ్వి పెట్టినట్టు చదునుగా ఉంది. ఇంత మంచి మైదానం ఊరికే పడి ఉందే అనుకుని దిగాను. నిలబడి చుట్ల మీద చుట్లు కొట్టాను. వెనక చక్రం చిమ్ముతున్న మట్టిని చూసి నాకు నేనే ముచ్చటపడ్డాను. ఐదో చుట్టులో రేగడి బంక చక్రానికీ గొలుసుకూ పట్టేసి బండి నిలిచిపోయింది. నేను నిలవలేదు.

వెల్లకిలా పడి, కవచాలతో లేవలేక తాబేలులా కొట్టుకుంటుంటే నెత్తి పైనుంచి ఒక అవ్వ గొంతు వినిపించింది.

"ఏందప్పా, నా సేన్లో ఏం చేస్తాండావు?"

"ఖాళీ నేల కదా అని, అవ్వా..."

"ఖాళీనా?" అవ్వ వంగి, చక్రం పోయిన దారిలో మట్టి కెలికి, అరచెయ్యి నా ముఖం ముందు పెట్టింది. నానిన శనగ గింజలు నాలుగు. ఒకదానికి అప్పుడే తెల్లటి మొలక. "మొన్న ఇత్తినాం. ఈ యేడు పడిందే ఒక్క వాన. నీకు సాళ్ళు కనపళ్ళేదా నాయనా?"

అప్పుడు చూశాను. అడుగు ఎడంగా, విత్తనం వేసే గొర్రు గీసిన సాళ్ళు చివరిదాకా బారుగా ఉన్నాయి. చిన్నప్పుడు మా నాయన గొర్రు తోలుతుంటే వెనక నడుస్తూ గింజలు వదిలినవాణ్ణి. విత్తిన చేను ఎలా ఉంటుందో తెలియక కాదు, నన్ను నేను చూసుకోవడంలో నేలను చూసే తీరిక లేకపోయింది.

"మళ్ళీ ఇత్తితే మొలుస్తాయా?" అన్నాను.

"ఈ పొద్దే ఇత్తితే మొలుస్తాయి. నేల్లో పదును ఆరిపోతే దేవుడొచ్చినా మొలవవు. కూలోళ్ళు యాడ దొరుకుతారు ఇప్పుడు?"

"నేను ఇత్తుతా."

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "ముందు ఆ పెంకులు ఊడబెరుకు."

అవ్వ ఇంటికి పోయి, మిగిలిన విత్తనం ఒడి నింపుకుని వచ్చింది. నేను తొక్కిన మేరా చేత్తో బొక్క చేసి, గింజ వేసి, మట్టి కప్పుతూ పొద్దు వాలేదాకా పాకాను. మోకాళ్ళ చిప్పలు మాత్రం ఉంచుకున్నాను. అవి నాకు పనికొచ్చింది ఆ ఒక్క రోజే. "లోతుగా పెట్టు నాయనా, పిట్టలకు మేత ఏస్తాండావా?" అని అవ్వ వెనకనుంచి గదమాయిస్తూనే ఉంది. రైతుబిడ్డనన్న మాట ఆవిడ దగ్గర అనలేదు.

మూడు వారాలు నిద్ర సరిగా పట్టలేదు. చివరికి బస్సెక్కి వెళ్ళాను. మొలిచాయి! గొర్రు వేసినవి బారుగా, నా చేతివి వంకర టింకరగా, ఒక్కోచోట నాలుగేసి ఒకదాన్నొకటి తోసుకుంటూ. భయంతో ఎన్ని గింజలు కుక్కానో అక్కడే తెలిసిపోతోంది.

"రా నాయనా, వచ్చినావా? కూచో, ఒత్తుగా వచ్చినవి పీకుదాం" అంది అవ్వ. పీకిన లేత శనగాకంతా నా తువ్వాలులో మూటకట్టి చేతిలో పెట్టింది. "పప్పులో ఏయమని చెప్పు ఇంట్లో. పొలం పని శానా బాగా చేసినావులే" అంటూ బోసినోటితో పకపకా నవ్వింది. తల ఎత్తలేకపోయాను గానీ, బస్సు కదిలి చాలా దూరం వచ్చాక చూసుకుంటే, ఒళ్ళో మూట పట్టుకుని నేనూ నవ్వుతున్నాను.