బొమ్మల సినిమానే కదా!

నాకు నలభై నాలుగేళ్లు. నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీ ఆఫీసులో పని చేస్తాను. పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. ఈ సంగతులు ఎందుకు చెప్తున్నానంటే, యానిమేషన్ సినిమాకు టికెట్టు అడిగిన ప్రతిసారీ కౌంటర్లో వాళ్లకు ఇవే కావాలి. "పిల్లలు ఎంతమంది మేడమ్?" అంటారు. నాకొక్కదానికే అంటే, తల వంచి అద్దం కంతలోంచి నా మొహం చూస్తారు. నరుక్కునే సినిమాకు పోయే మగవాణ్ణి "నువ్వు ఇంతవరకు ఎంతమందిని నరికినావన్నా?" అని ఏ కౌంటర్లోనూ అడగరు.

ఈ చూపులకు అలవాటు పడ్డాను. అలవాటు పడలేనిది మొన్న ఎండాకాలంలో జరిగింది.

ఆదివారం మధ్యాహ్నం ఆట. చేత్తో గీసిన సినిమా. సముద్రం ఒడ్డున ఉప్పు పండించే తల్లీకూతుళ్ల కథ. ఎక్కడో పరాయి దేశంలో తీసి, తెలుగులోకి డబ్బింగ్ చేశారు. ఆ డబ్బింగ్ చేసినవాళ్లు నాకు దొరికితే ఒక్కటే అడుగుతాను: మౌనం అంటే మీకంత భయమెందుకు? ఆ పిల్ల ఊరికే నిలబడి సముద్రాన్ని చూస్తుంటుంది. గాలికి లంగా అంచు కదులుతుంటుంది. అంతే సన్నివేశం. దానిమీద "అబ్బో, ఎన్ని నీళ్లో!" అని ఒక కీచుగొంతు అతికించారు. నోరు మూసుకుని ఉన్న బొమ్మ చేత మాట్లాడించారు. అయినా సినిమా నన్ను పట్టుకుంది. హాల్లో మేం ఐదుగురమే. తుఫాను రాత్రి తల్లి ఉప్పు మడుల్లోకి పోయింది, తెల్లారింది, పిల్ల తలుపు తీసింది. హాల్లో లైట్లు వెలిగాయి. తెర తెల్లబడింది.

కరెంటు పోయిందనుకున్నాను. చీపుర్లు పట్టుకుని ఇద్దరు లోపలికొచ్చారు. వాళ్ల వెనక మేనేజరు.

"ఏందన్నా, సినిమా ఇంకా ఉండాది కదా?" అన్నాను.

"అయిపోయినట్టే మేడమ్. బయట జనాన్ని చూడండి, గేటు ఇరగ్గొడ్తాండారు. హీరో సినిమా అది."

"టైము ప్రకారం ఇంకా పది నిమిషాలుండాయి. తల్లి యాడికి పోయిందో తెలీలేదు."

"బొమ్మల సినిమానే కదా మేడమ్. వచ్చేస్తాదిలే తల్లి. పిల్లల సినిమాల్లో ఎవురూ చావరు."

నేను సీట్లోంచి లేవలేదు. మిగిలిన నలుగురూ లేచి పోయారు. నా కాళ్ల చుట్టూ పాప్‌కార్న్ ఊడ్చారు. అవతల తలుపు తీశారు, జనం ఈలలతో లోపలికి వచ్చేశారు. నా సీటు మీద ఎవరో తువ్వాలు వేశారు, నేను అందులో ఉండగానే. బయటికొచ్చి మేనేజరు గది ముందు నిలబడి, నాకే తెలియని గొంతుతో అరిచాను. ఆయన ఫోన్ మాట్లాడుకుంటూ చేత్తో పొమ్మన్నట్టు సైగ చేశాడు. రెండు నెలల తర్వాత ఆ సినిమా ఫోన్లోకి వచ్చింది. చూశాను. తల్లి తిరిగి రాలేదు. పిల్ల ఒక్కతే పార తీసుకుని మడుల్లోకి దిగుతుంది. ఆ పది నిమిషాల కోసమే సినిమా అంతా తీశారు.

అది చూసిన తర్వాతి ఆదివారం ఆళ్లగడ్డకు పోయాను, అమ్మానాన్నల దగ్గరికి. మా నాయన శిల్పి. డెబ్బై దాటినా ఉలి పక్కన పెట్టలేదు. షెడ్డులో నల్లరాతి విగ్రహం కాలివేళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. నేను ఆయనతో ఎప్పుడూ ఈ సినిమాల మాటెత్తేదాన్ని కాదు. ఆరోజు మాత్రం కడుపులో ఉండబట్టక అంతా చెప్పాను. పని ఆపకుండానే విన్నాడు. మేనేజరు మాట దగ్గరికొచ్చేసరికి సుత్తి ఆగింది.

"బొమ్మ అంటే అంత అలుసా వానికి? యాభై ఏండ్లుగా నేను చేస్తాండేది ఏందంట?"

ఆ వారమే నంద్యాలలో ఇంకో యానిమేషన్ సినిమా పడింది. మనవాళ్లు తీసిందే, దేవుడి కథ. "నేనూ వస్తా, సూద్దాం" అన్నాడు నాయన. శనివారం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సు దిగాడు. నాకు లోపల బెరుకుగానే ఉంది. మన యానిమేషన్ విషయంలో నాకొక బలహీనత ఉండేది. ఎంత నాసిగా ఉన్నా పోనీలే అనుకునేదాన్ని. తీసేవాళ్లే కరువైనచోట తిట్టడమెందుకని ఆఫీసులో కూడా వెనకేసుకొచ్చేదాన్ని.

పది నిమిషాలు గడవకముందే నాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"పాపా, ఆ కాలు సూడు. నేల మీద ఆనలా."

చూశాను. దేవుడు నడవడం లేదు, నూనె మీద జారుతున్నట్టు పోతున్నాడు. ఆయన వెనక ఊరి జనమంతా ఒకే మొహంతో ఒకేసారి చేతులెత్తుతున్నారు. కాసేపటికి కొండను ఎత్తే ఘట్టం వచ్చింది. చెవులు పగిలే సంగీతం. నాయన పైకే అనేశాడు: "కొండ ఎత్తినోని భుజం కుంగలేదే! దూదిమూటా అది?"

ముందు వరసలో ఇద్దరు పిల్లలతో వచ్చినాయన వెనక్కి తిరిగాడు. "దేవునికి బరువేంది పెద్దాయనా?"

"దేవునికి లేకపోతే పోనీ. కొండకుండాల కదప్పా!"

"పిల్లలు సూసేదానికి ఇది చాల్లే."

నాయన లేచి నిలబడ్డాడు. "పిల్లోల్లే కదా అని పాసిపోయిన అన్నం పెడ్తావా నువ్వు?"

నాలుగు వైపుల నుంచీ "కూర్చో, కూర్చో" అన్నారు. ముందున్నాయన చిన్న కూతురు అప్పటికే సీట్లో వెనక్కి తిరిగి మోకాళ్ల మీద కూర్చుని మమ్మల్నే చూస్తోంది. తెర కన్నా మేమే బాగున్నట్టున్నాం. ఇంటర్వెల్‌కు బయటికొచ్చేశాం.

టీ బంకు దగ్గర కూడా నేను పాత పాటే పాడాను. "మనోల్లు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటాండారు నాయనా."

"నేర్సుకునేటోడు పాదం వంకరగా సెక్కుతాడు. సెక్కకుండా ఇడిసిపెట్టడు. ఇది నేర్సుకోవడం కాదు. ఎవుడు సూస్తాడులే అనుకోవడం."

ఇన్నేళ్లు నేను టికెట్టు కౌంటర్ల మీద, మేనేజర్ల మీద కోపం తెచ్చుకున్నాను. వాళ్లకు ఆ ధైర్యం ఎక్కడిది? తీసేవాడే పిల్లలది కదా అని కాలు నేలకు ఆనించకుండా వదిలేస్తుంటే, అమ్మేవాడు చివరి పది నిమిషాలు కోసెయ్యడా? నేను వెనకేసుకొచ్చింది ఆ నిర్లక్ష్యాన్నే. కోట్లు పోసి తీసినా, ఏనుగులూ ఎలుకలూ అన్నీ ఒకే తీరుగా వెకిలి జోకులు వేసే విదేశీ సినిమాలు కూడా అదే జాతి. పిల్లలు రెండు నిమిషాలు ఊరికే ఉండలేరని తేల్చేసినవాళ్లు పిల్లల్ని ఎప్పుడూ చూడనివాళ్లు. ఇప్పుడు ఫోన్ల నిండా ఏఐ యంత్రం కక్కిన దేవుళ్లు వస్తున్నారు. చేతికి ఆరు వేళ్లున్నా జనం దండం పెట్టి ఒకరికొకరు పంపించేస్తున్నారు.

నాయనను ఊరికే బస్సెక్కించి పంపడానికి మనసొప్పలేదు. నా గదికి తీసుకుపోయి లాప్‌టాప్ తెరిచాను. నాకు ప్రాణమైన సినిమా ఒకటి పెట్టాను. కొండమీద ఒంటరి ముసలామె, ఆమె మేక. గంటసేపటి సినిమా, మాటలు పదో పదిహేనో. అన్నం వడ్డించి పళ్లెం పక్కన పెట్టాను. ఆయన ముట్టలేదు. ముసలామె బావిలోంచి బొక్కెన లాగేచోట "ఆపు, మళ్లీ వెయ్" అన్నాడు. మళ్లీ వేశాను. మూడోసారి వేయించుకున్నాడు. బొక్కెన పైకొస్తున్నకొద్దీ ఆమె ఎడమ మడమ మట్టిలోకి దిగుతుంది. నేను పదిసార్లు చూసిన సినిమా. ఆ మడమను ఎన్నడూ చూడలేదు.

"ఇది నాకు ముందే యాల సూపలేదు?" అన్నాడు. మెచ్చుకోలు కాదు, నిజంగా కోపం. "ఇన్నేండ్లు ఒక్కదానివే సూసుకుంటాండావా?"

ఏం చెప్పను? రాళ్ల మనిషి, భక్తి సినిమాలు తప్ప ఏం పడతాయిలే అనుకున్నానని చెప్పనా? కౌంటర్లోంచి తల వంచి నా మొహం చూసేవాళ్లకూ నాకూ తేడా ఏముంది? నా మీద నాకే మంట పుట్టి, మళ్లీ ప్లే నొక్కాను.

సినిమా చివర్లో మేక ముసలామె వైపు చూసి నవ్వుతుంది. నాకు ప్రతిసారీ కళ్లలో నీళ్లు తిరిగేచోటు అది.

"మేక యాడన్నా నవ్వుతాదా?" అన్నాడు నాయన. "సెడగొట్టినాడు."

"నవ్వుతాది. ఆమె కంటికి అట్లా కనపడతాంది."

"ఆమె కంటితో సూపించేదైతే ముందునుంచి సూపియ్యల్ల. ఆఖర్లో ఒక్కసారి సూపిస్తే అది మోసం."

"మోసం కాదు!" నా గొంతు పక్కవాటా దాకా పోయింది. ఆయన గొంతూ లేచింది. చల్లారిపోయిన అన్నం ముందు పెట్టుకుని, మా నాయనా నేనూ ఒక మేక నవ్వొచ్చా, నవ్వకూడదా అని కొట్లాడుకుంటూనే ఉన్నాం. మూడు గంటల బస్సు వెళ్లిపోయింది. నాలుగు గంటలదీ వెళ్లిపోయింది.