తూర్పు గోడకు తలుపు

మంచు అంటే ఫ్రిజ్‌లో గీకి పారేసేదే అనుకునే నెల్లూరు మనిషిని నేను. అలాంటి నా చేత జర్మనీ కొండల్లో ఒక ఊరు కట్టించారు. రెండు వేల ఆరు ప్రాంతం. అరబ్బు దేశంలో, అల్ వర్సాన్ అనే చోట గోడౌన్ల మధ్య మోడళ్లు చేసే వర్క్‌షాపు మాది. ఇంకా పునాదైనా పడని టవర్లకు బొమ్మలు చేసి అమ్మకాల ఆఫీసులకు పంపేవాళ్లం.

ఒక టవర్ పనికి వచ్చిన ముసలి జర్మన్ ఇంజనీరు, రిటైరై వెళ్లిపోతూ తన ఊరి బొమ్మ చేసిపెట్టమన్నాడు. ఆ దేశపు దక్షిణపు అంచున, పడమటి కొండ కింద పట్టుమని ముప్పై ఇళ్లు. ఒకప్పుడు అక్కడ వెండి గని ఉండేదట. సొరంగాలకు ఆసరా దుంగల కోసం పైనున్న అడవంతా నరికేశారు. గని మూతపడింది, చెట్లు మాత్రం మళ్లీ లేవలేదు. ఒక చలికాలం పొద్దున కొండ మీది మంచంతా జారి ఊరి మీద పడింది. ఆయన అప్పుడు పొరుగూరి బడిలో ఉన్నాడు. వాళ్లమ్మ ఇంట్లో ఉండిపోయింది. ఇప్పుడక్కడ ఊరే లేదు. ఆయనకు కావలసింది ఒక్కటే: ఆ ముందు రోజు నాటి ఊరు, అమ్మ ఉన్న ఇల్లు, ఉన్నదున్నట్టు. పాత ఫోటోలూ మ్యాపూ ఇచ్చాడు. ఒక్క కిటికీ తేడా వచ్చినా నాకు ఇంటికి టికెట్టేనని మా ముదీర్, అంటే మేనేజరు, తేల్చి చెప్పాడు.

ఫోటోల్లో వాళ్లమ్మ ఇంటి తలుపు కొండ వైపు ఉంది. గాలి తూర్పు నుంచి కొడుతుందని అటు గోడకు కిటికీ కూడా పెట్టుకోలేదు. బొమ్మ తలుపులు ఇంకా కోసి అతికించకముందే మంచు కోసం తెల్లపొడి చల్లేశాను. మర్నాడు పొద్దున వచ్చి చూస్తే, ఆ తూర్పు గోడ మొదట్లోంచి వీధి దాకా పొడిలో సన్నటి గీత. ఎవడో వేలు పెట్టాడని ఒళ్లు మండి అందరినీ తిట్టి, సరిచేశాను. మర్నాడు మళ్లీ అదే గీత. మూడోనాడూ అంతే.

"ఏందన్నా, గట్ల బెదిరిపోయినవ్?" పక్క బల్ల మీద చెట్లు చేసే జగిత్యాల తమ్ముడు నవ్వాడు. "ఏసీ గాలికి పొడి జరుగుతది. ఖలాస్, పని చూడు."

"ఏసీ గాలి ఆ ఒక్క గోడకే తగులుద్దా?" అన్నాను.

వాడు నవ్వడం మానేశాడు. నిజం చెప్పొద్దూ, నాకు భయమేసింది. ఆ రోజే తలుపులన్నీ గబగబా అతికించేశాను.

రెండు రోజులకు, ఆ ఇంజనీరు వచ్చే పూట చూసుకుంటే, ఓరి దేవుడా, ఆ ఇంటి తలుపు తూర్పు గోడకుంది! మా నాన్న గుమ్మాలు నిలబెట్టే వడ్రంగి. తూర్పు వాకిళ్లు చూస్తూ పెరిగిన చెయ్యి, దాని పాటికది అతికించేసింది. పీకుదామనుకునేలోపు ముదీర్ ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

ఆయన వంగి చాలాసేపు చూశాడు.

"ఇటు తలుపెవరు పెట్టారు?"

"నేనే సార్, పొరపాటైంది. ఇప్పుడే మార్చేస్తాను."

"కొండ వైపు తలుపును మంచు మూసేసింది," అన్నాడాయన. "అమ్మ ఈ గోడ దగ్గర దొరికింది. చేతిలో కట్టెలు కొట్టే గొడ్డలి. లోపలి నుంచి చెక్క గోడను సగం దాకా నరికింది."

ఆయన వేలు సరిగ్గా ఆ తలుపు మీద ఆగింది.

"మార్చొద్దు," అన్నాడు.

ఆ తలుపు పెట్టాక పొడిలో గీత మళ్లీ రాలేదు. పెట్టెలో సర్దేటప్పుడు తమ్ముడు ఇళ్ల చుట్టూ స్పాంజి కూరుతూ వచ్చాడు. ఆ తలుపు ముందు మాత్రం నేను కూరనివ్వలేదు.