పేరు అడిగి రాసుకున్న సారు

పోయిన మంగళవారం పొద్దున తొర్రూరు నుంచి ఫోన్ వచ్చింది. మా తండా బడిలో నాకు అక్షరాలు నేర్పిన సారు పోయారు. జనగామలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి బయలుదేరుతున్నాను, చెప్పులు వేసుకున్నదాన్ని గడపలోనే కూర్చుని ఏడ్చాను. మర్నాడు పేపర్లో వార్త వచ్చింది. "ప్రముఖ రచయిత్రి సోమలత గురువు కన్నుమూత" అని పెద్దక్షరాల్లో వేశారు, ఆయన పేరు కింద ఎక్కడో ఉంది. అది చూసి నా ఏడుపు ఆగిపోయింది. ఒళ్ళు మండింది. మీరే చెప్పండి, ఎవరీ సోమలత? నా పేరు సోమ్లి. సోమవారం పుట్టానని మా యాడి, అంటే మా అమ్మ, పెట్టిన పేరు. "సోమ్" దగ్గర ఆగకుండా "లి" అనాలి, అంతే. పసిపిల్లలకు కూడా వస్తుంది. సభల్లో గంటలు గంటలు మాట్లాడే పెద్దలకు మాత్రం రాదు.

మా లంబాడి తండా మహబూబాబాద్ జిల్లాలో, తొర్రూరుకు దగ్గర. సారు కంటే ముందున్న పంతులుకు మా పేర్లు పలకడానికి నోరు తిరిగేది కాదు. అందుకని బడిలో చేరిన ప్రతి పిల్లవాడికీ తనకు తోచిన పేరు తగిలించేవాడు. మా అన్న అట్లానే రమేష్ అయ్యాడు. ఒక్క తండాలో ముగ్గురు రమేష్‌లు! యాడి బతికున్నన్నాళ్ళూ ఆ పేరుతో అన్నను ఒక్కసారి కూడా పిలవలేదు. రేషన్ కార్డులో ఉన్న రమేష్ ఎవరో పక్కింటివాడన్నట్టే ఉండేది.

సారుది భూపాలపల్లి జిల్లా, కాటారం దిక్కు. వచ్చిన మొదటి వారమే రిజిస్టరు చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. తండ్రులు చెప్పిన పేర్లు రాసుకోలేదు. తల్లి పిలవాలి, తాను వినాలి. అదీ ఆయన పద్ధతి. యాడి మిరప చేనులో కలుపు తీస్తుంటే గట్టు మీద నిలబడి అడిగారు.

"ఒక్కసారి బిడ్డను పిలువు అవ్వా. జర దూరంగ ఉన్నదనుకో."

యాడికి సిగ్గు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత పిలిచింది. సారు పెన్సిల్‌తో రాసుకుని, చదివి వినిపించి, "గిట్లనేనా?" అన్నారు. కాదంది. చెరిపి మళ్ళీ రాశారు. మూడోసారి యాడి తలూపాక గానీ పెన్ను బయటికి తీయలేదు.

ఆయనకు కోపం తక్కువ. ఒకసారి వేరే ఊరి పంతులొకాయన మా హాజరు పట్టీ చూసి "ఇవేం పేర్లు" అని నవ్వాడు. అప్పుడు సారు అన్న మాట ఇంకా నా చెవిలో ఉంది.

"నోరు తిరగకపోతె నోటికి నేర్పాలె. పిల్ల పేరు మార్చుడు ఏంది?"

ఆయన ట్రైనింగుకు పోయినప్పుడు కూడా ఆయన యాస విని వెనక బెంచీలవాళ్ళు సినిమాలో కమెడియన్‌ను చూసినట్టు నవ్వేవారట. ఆ సంగతి మాకు చెప్పేటప్పుడు ఆయన నవ్వలేదు.

తప్పు ఆయన కూడా చేశారు. కొత్తగా చేరిన ఒక పిల్లను వారం రోజులు తప్పు పేరుతో పిలిచి, తెలిసిన రోజున క్లాసందరి ముందు నిలబడి "తప్పైంది బిడ్డా" అన్నారు. ఏడేళ్ళ పిల్లతో! అట్లాంటి మనిషికి నేనేం చేశానో కూడా చెప్పాలి.

నా మొదటి పుస్తకం అచ్చుకు పోయేటప్పుడు ప్రచురణకర్త, "సోమ్లి అంటే కొంచెం మొరటుగా ఉందమ్మా, అట్ట మీద సోమలత అని వేద్దాం" అన్నాడు. నేను సరేనన్నాను. పుస్తకం రావాలన్న ఆశ తప్ప ఇంకో కారణం లేదు. పుస్తకం బాగా పోయింది, శాలువాలు కప్పారు. సారుకు ఇద్దామని తొర్రూరు పోయాను. ఆయన అద్దాలు పెట్టుకుని అట్ట చూశారు.

"గీమె ఎవరు బిడ్డా?"

"నేనే సార్. పుస్తకం కోసమని..."

"మీ యాడిని అడిగినవా?"

యాడి అప్పటికి బతికే ఉంది. నేను అడగలేదు. సారు పుస్తకం తీసుకున్నారు. మొత్తం చదివి, బాగుందని ఉత్తరం రాశారు. కవరు మీద సోమ్లి అని ఉంది. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత మూడేళ్ళు ప్రచురణకర్త వెంట పడ్డాను, కొత్త ముద్రణలోనైనా నా పేరు వేయమని. "ఇప్పుడు మారిస్తే పాఠకులు తికమక పడతారమ్మా" అంటూ వాయిదా వేస్తూ పోయాడు. పాఠకులు తికమక పడతారట, నేను ఏమైపోయినా ఫరవాలేదట! దవాఖానలో చివరిసారి చూసినప్పుడు సారు అడిగారు, "అచ్చయిందా?" అని. కాలేదు సార్ అన్నాను. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆ జవాబుతోనే ఆయనను సాగనంపాను, దానికి ఆ ప్రచురణకర్తనూ క్షమించను, నన్నూ క్షమించుకోను.

సంతాప సభ తొర్రూరులో ఫంక్షన్ హాలులో పెట్టారు. ఫ్లెక్సీ మీద మళ్ళీ సోమలతే. "ఇప్పుడు సోమలత గారు మాట్లాడతారు" అని మైకులో పిలిచారు. నేను రెండో వరుసలో ఉన్నాను. లేవలేదు. మళ్ళీ పిలిచారు. జనం నా వైపు తిరిగారు. మూడోసారి పిలిచి, "మేడం అలిగినట్టున్నారు" అని నవ్వాడు ఆ పిలిచేవాడు.

సారు ఫొటో పక్కన ఆయన భార్య కూర్చుని ఉంది. నేను పెద్దమ్మా అంటాను. సభలో ఎన్నడూ నోరు తెరవని మనిషి, ఉన్న చోటి నుంచే అంది.

"సోమలత అనేటామె మా ఇంటికి ఎన్నడు రాలె. వచ్చింది సోమ్లి. ఆ పిల్లను పిలువుండ్రి."

వాడు చేతిలో కాగితం చూసుకున్నాడు. అందులో ఆ పేరు లేదు. వాడు నేర్చుకునేదాకా ఆగే ఓపిక నాకు లేదు. లేచి పోయి మైకు లాక్కున్నాను. "ఆ పుస్తకం అట్ట మీద ఉన్నది అబద్ధం. ఒప్పుకున్నది నేనే" అన్నాను. తర్వాత నా పేరు చెప్పాను. అరిచినట్టే వచ్చింది. మైకు కీచుమంది. ముందు వరుసలో పెద్దమనిషి ఒకాయన రెండు చెవులూ మూసుకున్నాడు.

ఇంకోసారి చెప్పాను.