సొరుగు అడుగు చెక్క

మొన్న మలికిపురం సంతలో ఒకాయన కుర్చీ చూపించి సీమ సరుకండీ అంటుంటే, ఈ వయసులో నేను మోకాళ్ళ మీద వంగి దాని అడుగు తడిమి చూశాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వరా మరి! కానీ ఆ అలవాటు నాకు ఊరికే అబ్బలేదు.

ధవళేశ్వరం ఆనకట్ట పని సాగుతున్న రోజులవి. ఓడ దిగిందల్లా మనకు ఇంగ్లీషు దొరల సీమదే కదా, సీమ అంటే ఎక్కడో ఎవరడిగారు? అమలాపురంలో మా నాన్నగారి పాత సామాన్ల కొట్టులో మాత్రం ధర చెప్పేముందు వస్తువు ఊరు చెప్పాలి. ఊరు చెప్పకుండా పిల్లనిస్తారా అనేవారు.

అలాంటి కొట్టులో పెరిగిన నేను, కోరంగి రేవులో ఒక ఓడ కప్తాను వదిలించుకుంటున్న సొరుగుల బల్లను బేరమాడాను. పైన నిగనిగలాడే ఎర్రచెక్క, సొరుగుల అడుగున తెల్లటి మెత్తటి చెక్క. ఇంకేం, ఆ తెల్లచెక్కను నానా తిట్లూ తిట్టి, ధర సగానికి దించి, దిగ్విజయం చేసినట్టు పడవెక్కించి, రాజోలు కరణంగారికి అసలు సిసలు సీమ బల్లని అమ్మేశాను.

వానలకు ఒక సొరుగు అడుగు చీలిందని కరణంగారు బాగుచేయమని పంపారు. నాన్నగారు దాన్ని చేత్తో తూచారు.

“సీమ బల్లల అడుగు రాయిలా ఉంటుంది, ఇదేంట్రా దూదిలా ఉంది? ఏ ఊరిది?”

“సీమదే నాన్నగారూ.”

“సీమలో ఏ ఊరు?”

ఊరు తెలియనివాడు ఈ కొట్టులో కూర్చోడనీ, కనుక్కుని కరణంగారికి నిజం చెప్పి వచ్చాకే గడప తొక్కమనీ అన్నారు.

సొరుగు చంకన పెట్టుకుని మళ్ళీ కోరంగి వెళ్ళాను. అక్కడి ముసలి ఓడ వడ్రంగి దాన్ని వాసన చూసి, గోటితో గీరి, పకపకా నవ్వాడు.

“అమెరికా ఓడల తెరచాప కొయ్యలు ఎన్ని చెక్కేనండీ! ఆళ్ళ ఉత్తరాది చెక్క ఇది. ఆళ్ళ దక్షిణాదిదైతే బరువు, చారలు, జిగురు. పైచెక్క ఎక్కణ్ణించైనా తెచ్చుకుంటారండి, కనపడని అడుక్కి మాత్రం పెరట్లో చెట్టే కొడతారు. ఆయ్!”

నేను తిట్టి ధర దించిన చెక్కే దాని జాతకమన్నమాట!

కరణంగారు బల్ల తిరగ్గొడితే కొట్టులో నా చోటు గల్లంతే. అయినా రాజోలు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాసేపు మీసం దువ్వారు.

“అమెరికా అంటే సీమకింకా అవతలేనటయ్యా?”

“ఆయ్, చాలా అవతలండి.”

“మరింకేం! మా బావమరిది దగ్గరున్న బల్ల వట్టి సీమదే!”

ఆ మాట విని నాన్నగారు మెచ్చుకోనూ లేదు, తిట్టనూ లేదు. కొట్టులో తాను కూర్చునే చాప మీద ఒక మూరెడు జరిగి నాకు చోటిచ్చారు.

ఇప్పుడు కోరంగి రేవు పూడిపోయింది, ఓడ వడ్రంగుల పిల్లలు నాగళ్ళు చెక్కుకుంటున్నారు. కొట్టంతా నాదే అయింది. అయినా ఇన్నేళ్ళలో ఎప్పుడూ నేను ఆ మూరెడు దాటి కూర్చోలేదు.